గుమ్మం దాటని మంట

మిరపకాయ కొరికితే నోరు మండుతుంది కదా, ఆ మంట మిరపకాయదా, మీదా? ముందు అది తేల్చండి.

మిరపకాయదే అంటారా? 2061లో గుంటూరు మిర్చి యార్డు వెనక మెస్సు నడుపుతున్న శేషారత్నం ఒక్క ముద్దతో మిమ్మల్ని ఓడించేస్తుంది. గొడ్డుకారం కలిపిన అన్నాన్ని పెరుగన్నంలా తినేదావిడ. వాళ్ళమ్మా అంతే, కూతురు చిత్రలేఖా అంతే. "మా వంశానికి కారం ఒక లెక్కా" అనేది. ఆవిడ గోంగూర పచ్చడి తిని కళ్ళు తుడుచుకుంటూ పోయిన హమాలీలు మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఆ గొప్ప కాస్తా ఒక మధ్యాహ్నం తీరిపోయింది. తొమ్మిదేళ్ళ చిత్రలేఖ కాలే పెనం మీద అరచెయ్యి ఆనించి, తాపీగా కబుర్లు చెబుతోంది. కమురు వాసనకి తల్లి పరుగెత్తుకొచ్చి చెయ్యి లాగింది. పిల్లకి ఏమీ తెలియలేదు.

కట్టు కట్టించి, పిల్లని నరాల మీద పరిశోధన చేసే డాక్టర్ సఫియా ల్యాబ్‌కి తీసుకెళ్ళింది. అక్కడ గోడంత తెర. బతికున్న కణం లోపల జరిగేదంతా అప్పటికప్పుడు చూపించే కొత్త మైక్రోస్కోప్ అది.

"కారాన్నీ వేడినీ పసిగట్టే ప్రోటీన్ ఒకటుంటుంది అక్కా. నరం కణం లోపల తయారై, పైపొర మీదికెళ్ళి కూర్చోవాలి. మీ ఇంటి జీన్‌లో ఒక్క అక్షరం తప్పు. దాంతో దాని మడత కాస్త వదులైంది."

"వదులైతే పనికిరాదా?"

"పనికొస్తుంది, అదే విచిత్రం. మీరు కిళ్ళీ చుడతారుగా. సున్నం, వక్క అన్నీ కుదిరాయి, మడత ఒక్కటే విచ్చుకుంది. వేసుకుంటే నోరు పండుతుంది. కానీ కణం లోపల మడతలు తనిఖీ చేసే కాపలావాడు ఒకడున్నాడు, గుమ్మం దగ్గరే 'ఇదేం మడత' అని చెత్తలో పారేస్తున్నాడు."

శేషారత్నం తెర వైపు చూసింది. పిల్ల కణంలో ఆ ప్రోటీన్లు చిన్న చిన్న పచ్చని ముడుల్లా గుమ్మం దాకా వచ్చి, అక్కడే తునకలైపోతున్నాయి.

"వాడి పెత్తనం మండిపోనూ. మరి లవంగం గుచ్చలేరా డాక్టరమ్మా?"

సఫియా పకపకా నవ్వింది. ఇరవైమంది ఆరేళ్ళు తంటాలుపడి చేసిన మందు అచ్చంగా అదే. ప్రోటీన్‌కి అతుక్కుని, మడత విచ్చుకోకుండా పట్టి ఉంచే బుల్లి అణువు. ఒక్కదాన్నే మింగనని పిల్ల మొండికేస్తే తల్లీ మింగడం మొదలుపెట్టింది.

మూడో వారం చిత్రలేఖ వేడి గ్లాసు ముట్టుకుని చటుక్కున చెయ్యి లాక్కుంది. "అమ్మా, కాలింది." శేషారత్నం పిల్లని ఎత్తుకుని, తన బిడ్డకి చెయ్యి కాలిందని వీధి వీధంతా సంబరంగా చెప్పుకొచ్చింది.

ఆ సంబరంలోనే పచ్చడి రుచి చూసింది. నోరు భగ్గుమంది. చెంబెడు మజ్జిగ తాగాక, 'ఇన్నేళ్ళూ మనుషులకి నేను పెట్టింది ఇదా' అనుకుంది. ఆ పూటే కారం సగానికి తగ్గించింది.

హమాలీల మేస్త్రి ఏసోబు మొదటి ముద్ద మింగి ఆగాడు. "అక్కా, మందు నీకు, పథ్యం మాకా?"

"పాత కొలత వెయ్యబోతే చెయ్యి రావట్లేదు ఏసోబూ. నీ నోరే గుర్తొస్తోంది."

"నా నోటి సంగతి నేను చూసుకుంటాలే. నీ చెయ్యి కాస్త జారనీ."

జారలేదు. పాపం హమాలీలు, ఆవిడ మనసు కష్టపెట్టలేక, జేబులో పచ్చిమిరపకాయలు తెచ్చుకుని ఆవిడ అటు తిరిగినప్పుడు కొరుక్కుంటున్నారు.

గుంటూరు వెళ్తే మీరూ ఆ మెస్సులో భోజనానికి కూర్చోండి. "కారం ఎక్కువైందా నాయనా" అని అడుగుతుంది. ఎవరో ఒకరు నోరు తెరవాలి. మొహమాటానికి పోకుండా, చప్పగా ఉందని ఆవిడ మొహం మీదే చెప్పండి.