పద్నాలుగో నంబరు బల్ల

అరకులోయ గ్రౌండులో వ్యవసాయ ప్రదర్శన. రమణి తన నానమ్మ సోములమ్మతో జీపు దిగి వచ్చేసరికి, వాళ్ళకిచ్చిన పద్నాలుగో నంబరు బల్ల మీద ఎవరివో కాఫీ గింజల సంచులున్నాయి. వాటి వెనక ఒక కుర్రాడు సెల్‌ఫోనులో మొహం చూసుకుంటూ తీరిగ్గా జుట్టు దువ్వుకుంటున్నాడు.

రమణి చీటీ చూపించి దెబ్బలాటకి దిగింది. అతను నవ్వి తన చీటీ తీశాడు. అందులోనూ పద్నాలుగే! ఆఫీసువాళ్ళని వెతికి లాభం లేకపోయింది. చివరికి బల్ల చెరిసగమైంది.

అతని పేరు కామేష్. అవతలి కొండమీద రెండెకరాల కాఫీ తోట. మొదటిసారి రుచి పోటీకి గింజలు తెచ్చాడు. గెలిస్తే విశాఖ కంపెనీ నేరుగా కొంటుందట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం అతని నవ్వు ఆగింది.

సోములమ్మవి ఎండిన ఆనపకాయ బుర్రల్లో పదకొండు రకాల చిరుధాన్యాల విత్తనాలు: చోళ్ళు, సామలు, కొర్రలు. అందులో నల్ల సామ విత్తనం ఈ చుట్టుపక్కల ఇంకే ఇంట్లోనూ లేదు. ఇంట్లో ఉంచితే ఎలకలు తింటాయని ఉన్నదంతా వెంట తెచ్చేసింది ముసలమ్మ.

రెండోరోజు మధ్యాహ్నం రమణి నానమ్మని బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ కోసం గ్రౌండు చివరికి వెళ్ళింది. ఒక్కసారిగా గాలివాన. షామియానా తాడు తెగింది. గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

బుర్రలు తడవలేదు. కామేష్ తన సంచుల మీది టార్పాలిన్ లాగి వాటిమీద కప్పి, గాలికి ఎగరకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అతని కాఫీ సంచుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"మీ కాఫీ?" అంది రమణి.

"మళ్ళీ కాస్తాది. ఈ సామలు పోతే ఎక్కడ తెత్తామండి?"

ఆమె రెండోవైపు అంచు పట్టుకుంది. వాన తగ్గేదాకా ఇద్దరూ తడుస్తూ అలాగే నిలబడ్డారు. వణుకుతూనే అతను, బల్ల ఇంకా పూర్తిగా మీదేనంటారా అని అడిగాడు. రమణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

దేశవాళీ విత్తనాల మొదటి బహుమతి సోములమ్మకి వచ్చింది. కాఫీ పోటీలో కామేష్ పేరే పిలవలేదు. మైకు ముందు ఎప్పుడూ నిలబడని ముసలమ్మ, తన విత్తనం ఈ రోజు బతికుందంటే ఆ గుంటడి వల్లేనని కామేష్ వైపు వేలు చూపించి చెప్పింది. జనమంతా చప్పట్లు కొడుతుంటే అతను గుంజ వెనక్కి తప్పుకున్నాడు.

సాయంత్రం జీపు ఎక్కేముందు రమణి అతని దగ్గరికి వెళ్ళింది. థ్యాంక్స్ అన్నది మరీ చిన్నమాటగా తోచింది.

"మీ తోటలో పళ్ళ కోత ఎప్పుడు?"

"వచ్చే వారం. కూలోళ్ళు దొరికేసినారండి."

"నేను వస్తానన్నది కూలికి కాదు."

అతను అర్థంకాక చూశాడు. రమణి చెవులు ఎర్రబడ్డాయి. జీపులోంచి సోములమ్మే కల్పించుకుంది.

"ఒరే గుంటడా, మా గుంట అంత తిన్నగా సెప్తే తెలీనేదేటి? బేగి మీ అమ్మని తోలుకుని మా ఇంటికి రా. మాటాడుకుందాం."

జీపు కదిలింది. రమణి తల దించుకునే కూర్చుంది, గుండె నిండిపోయి. వెనక బురదలో అడుగుల చప్పుడు. కామేష్ రొప్పుతూ పరిగెత్తుకొస్తున్నాడు.

"ఏ ఊరండీ మీది? అడగనేదు!"

రమణి డ్రైవరుని ఆపమంది.