ఇంకా ఒక్క గదే మిగిలింది

అల్మాటీ నగరంలో మూడు రోజుల శిక్షణ అని కాగితం వచ్చినప్పటి నుంచి ఎల్‌దోస్‌కి కంటి మీద కునుకు లేదు. శిక్షణంటే భయమేమీ కాదు. జార్కెంట్ నీటిపారుదల ఆఫీసులో రెండేళ్లుగా అతని ఎదురు బల్ల దగ్గర కూర్చునే అక్‌మరల్‌ని అల్మాటీ ఆఫీసువాళ్లు తమ దగ్గరికి వచ్చేయమన్నారు. ఇద్దరూ వెళ్లే ఆ శిక్షణ చివరి రోజున ఆమె జవాబివ్వాలి. ఈలోగా తన మనసులో మాట చెప్పాలనుకున్నాడు. చెప్పే ధైర్యం చాలక హోటళ్లు వెతకడం మొదలుపెట్టాడు.

ఒకే హోటల్లో దిగితే పొద్దున టీ దగ్గర చెప్పేయొచ్చని అతని ఆలోచన.

నాలుగు సైట్లు తెరిచి, నోటు పుస్తకంలో గళ్లు గీసి, రోజూ ఆమె బల్ల దగ్గరికి పట్టుకెళ్లేవాడు. పసుపు సైటు ముందు తక్కువ ధర చూపించి, చివరి పేజీలో పన్నులు తగిలిస్తుంది. నీలం సైటు ఎక్కువే చెప్తుంది కానీ, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిస్తుంది. మూడోదాంట్లో పొగడ్తలన్నీ ఒకే మనిషి రాసినట్టుంటాయి. నాలుగోది "నగరం నడిబొడ్డున" అన్న హోటలు కొండ మొదట్లో తేలింది.

"ఇంకా ఒక్క గదే మిగిలిందట. పద్నాలుగు మంది చూస్తున్నారట," అన్నాడొకరోజు.

"మీరు రోజుకి ఎన్నిసార్లు తెరుస్తున్నారు?"

"ఓ పదమూడు సార్లు."

"పద్నాలుగో మనిషిని నేను," అంది అక్‌మరల్, అతని కప్పులో టీ పోస్తూ.

ఆమె ఎప్పుడూ రెండు గుక్కలే పోసేది. మా కజఖ్‌ల ఇళ్లలో కొంచెం పోస్తే ఇంకాసేపు కూర్చోమని, కప్పు నిండా పోశారంటే ఇక లేచి దయచేయమని అర్థం.

చివరికి రెండు హోటళ్లు మిగిలాయి. పసుపు సైటులో కొమ్సొమోల్స్‌కాయా వీధి, నలభయ్యో నంబరు, "యాబ్లోకో." అది ఎల్‌దోస్‌కి నచ్చింది. నీలం సైటులో తోలె బి వీధి, నలభయ్యో నంబరు, "అల్మా." అది అక్‌మరల్‌కి నచ్చింది. సరేనంటే పోయేదానికి అతను వారం రోజులు వాదించాడు. యాబ్లోకో కిటికీలు పెద్దవన్నాడు, అల్మా గోడలు చెమ్మగా ఉన్నాయన్నాడు. అల్మా నచ్చేవాళ్లకి అభిరుచి లేదని కూడా నోరు జారాడు. ఆ రోజు కప్పు అంచుదాకా నిండింది.

ఆమె అల్మా బుక్ చేసుకుంది. అతను పంతానికి పోయి యాబ్లోకో బుక్ చేశాడు, అదీ డబ్బు తిరిగిరాని రకం. తర్వాత ఇంటికెళ్లి తల పట్టుకుని కూర్చున్నాడు.

అల్మాటీలో బస్సు దిగి టాక్సీలో కొమ్సొమోల్స్‌కాయా నలభై అన్నాడు. ముసలి డ్రైవరు తీసుకెళ్లి దించిన చోట గోడ మీద తోలె బి, నలభై అనుంది. తలుపు పైన అల్మా అనుంది.

"ఇది కాదు తాతా."

"ఇదే అబ్బాయ్. వీధి పేరు మార్చి నీ వయసంత అయింది. హోటలుదీ రెండు పేర్లే. రష్యన్‌లో యాబ్లోకో అన్నా, కజఖ్‌లో అల్మా అన్నా యాపిలే కదా."

పుట్టినప్పటి నుంచి రెండు భాషలూ మాట్లాడే ఎల్‌దోస్, యాపిల్ కంటే యాపిల్ గొప్పదని వారం రోజులు వాదించాడన్నమాట.

లోపల అక్‌మరల్ టీ కూజా ముందు పెట్టుకుని కూర్చుంది. కప్పులు రెండున్నాయి.

"మీకు ముందే తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. రెండు సైట్ల ఫొటోల్లోనూ మెట్ల మీద ఒకటే పిల్లి."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మర్నాడు పుస్తకం పట్టుకుని ఎందుకొస్తారు?"

ఎల్‌దోస్ సంచి భుజాన ఉండగానే గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. "మీరంటే నాకిష్టం. రెండేళ్లుగా. మీరు ఇక్కడికొస్తే నేనూ ఇక్కడికి మార్పించుకుంటాను. రానంటే ఇద్దరం వెనక్కి పోదాం."

అక్‌మరల్ మెట్ల మీది పిల్లి వైపు చూసింది. "సరేనంటాను," అంది.

"దేనికి?"

"రెండింటికీ. ఇక్కడి ఉద్యోగానికీ, ఈ మాటకీ. ఇద్దరికీ ఇల్లు వెతకాలి. ఈసారి సైట్లు నేను చూస్తాను. నువ్వు ముందా సంచి దించు."

రెండేళ్లలో ఆమె అతన్ని నువ్వనడం అదే మొదటిసారి. ఎల్‌దోస్ సంచి దించి కూర్చున్నాడు. ఆమె కప్పు తీసుకుని, అడుగు తడిసేంత మాత్రం టీ పోసి అతని ముందు పెట్టింది.