ఎనిమిదో గొయ్యి

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... అయినా ఆకాశం కాటుక పూసినట్టు నల్లబడింది! ఫెళఫెళమంటూ ఉరుములు! పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది... రెండువందల ఏళ్ల నాటి ఆ భవంతి వెనక, శిథిలోద్యానంలో తోటమ్మ ఒక్కతే పార పట్టుకుని నిలబడింది.

పాత తోటలకు కొత్త రూపు దిద్దడం ఆమె వృత్తి. భర్త పోయినప్పటి నుంచీ మొక్కలతో తప్ప మనసు విప్పి మాట్లాడింది లేదు, పాపం! ఈ భవంతి యజమాని పని అప్పగించేముందు తోటల గురించి ఒక్క ముక్క అడగలేదు. "నీకంటూ ఎవరైనా ఉన్నారా అమ్మా?" అన్నాడంతే. "ఎవరూ లేరండీ" అంది ఆ పిచ్చితల్లి. అతని కళ్లు తళుక్కుమన్నాయి.

తోట నడుమ వలయాకారంలో ఏడు సంపెంగ చెట్లు. ఎనిమిదోది నాటితే వలయం పూర్తవుతుంది. ఆ చోటికి గుర్తుగా యజమాని స్వహస్తాలతో పాతిన మేకు దగ్గరే ఆమె గొయ్యి తవ్వుతోంది. పార ఖంగుమంది! పక్క చెట్టు వేళ్లలో చిక్కుకుని... కపాలం!

"ఏడుగురూ నీలాంటి దిక్కులేనివాళ్లే!" వెనక వికటాట్టహాసం! నల్లని వస్త్రాలు, నుదుట చితాభస్మం... యజమానే! "తోటపనికే వచ్చారు. ఎనిమిదో ప్రాణం బలి పడిందా, నాకిక మృత్యువే లేదు! తవ్వు! నాటు! ఆ వేళ్ల కిందే చావు!"

క్షుద్రమంత్రం మోగింది... తోటమ్మ కళ్లు తేలేసింది. జుట్టు విరబోసుకుంది. కాళ్లూ చేతులూ ఆమె మాట వినడం మానేశాయి. లోపల మాత్రం కుమిలి కుమిలి ఏడుస్తోంది. సాయానికి ఎవరిని పిలవాలి? ఒక్క పేరైనా తట్టలేదు!

కుంభవృష్టి మొదలైంది. గొయ్యి నిండింది. నీళ్లు ఇంకలేదు... నీరు నిలిచే గోతిలో మొక్క పెడితే వేరు కుళ్లిపోతుంది. ఇరవై ఏళ్లుగా ఆ చేతులు అలాంటి పని చేసి ఎరగవు! మంత్రం ఆమె ఒంటిని పట్టింది గానీ ఆ పనితనాన్ని లొంగదీయలేకపోయింది. పూనకంలోనే వంగి, మేకు పెరికి, నాలుగడుగుల అవతల మెరక మీద పాతింది.

"ఒసేయ్! ముట్టుకోకు! వలయం తెగిపోతుందే!"

తెగనే తెగింది! భూమి బద్దలైంది! ఏడు చెట్ల మొదళ్ల నుంచి ఏడుగురు స్త్రీలు మృణ్మయదేహాలతో లేచారు. మాంత్రికుడి నాలుక మడతపడింది. మంత్రం మరిచాడు! బుసలు కొడుతూ వేళ్లు అతని కాళ్లను చుట్టేశాయి. "వద్దు... వద్దూ...!" ఆర్తనాదంతో పాటే అతన్ని నీటి గోతిలోకి ఈడ్చుకుపోయాయి. కాసేపు బుడగలు వచ్చాయి. తర్వాత అవీ ఆగిపోయాయి.

వాన వెలిసింది. తోటమ్మకు స్పృహ వచ్చేసరికి ఆ స్త్రీలు ఒక్కొక్కరే గాలిలో కలిసిపోతున్నారు.

"ఉండండక్కా! నన్నొక్కదాన్నే వదిలి వెళ్లకండి..." అంటూ చేతులు చాచింది.

ఆఖరామె ఆగింది. వెనక్కి వచ్చి, మట్టి కొంగుతో తోటమ్మ చెంప తుడిచింది.

"ముద్దగా తడిశావు. ముందు ఇంటికెళ్లి తల తుడుచుకో తల్లీ. జలుబు చేస్తుంది."

ఆమె కూడా కనుమరుగైంది. అలాంటి మాట తనతో ఎవరైనా అని ఎన్నేళ్లయిందో! తోటమ్మ ఆ బురదలోనే కూలబడి భోరున ఏడ్చింది.