గడప బయటి టైరు చెప్పులు

పాశమైలారం పారిశ్రామికవాడలో ఆ చివరి షెడ్డు గురించి అడిగి చూడండి. చాయ్ బండి దగ్గర గొంతు చించుకుని మాట్లాడేవాడు కూడా ఒక్కసారిగా గొంతు తగ్గిస్తాడు. పగలు ఎంత మొనగాడైనా సరే, చీకటి పడ్డాక ఆ షెడ్డు లోపలి గది గడప దగ్గర దేవుణ్ణి తలుచుకోవాల్సిందేనట.

లోపల జరిగే పని మాత్రం అచ్చంగా సైన్సుది. సొరకాయలు వరసగా గుచ్చినట్టుండే రాగి గొట్టాల లోపలి గోడలకు నయోబియం అనే లోహంతో పూత పూస్తారు. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటుందేమో ఆ పూత. దాన్ని మనం ఊహించలేనంత చల్లబరిస్తే కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పారుతుందట. పరమాణువుల్లోని కణాలను పరుగులు పెట్టించే పెద్ద పెద్ద యంత్రాల్లో ఈ గొట్టాలు బిగిస్తారు. దుమ్ము రేణువు ఒక్కటి పడ్డా పూత పాడే. అందుకే చెప్పులూ, ఫోనూ గడప బయటే వదలాలి.

అలా వదిలిన చెప్పుల్లో ఒక జత ఆరేళ్లపాటు కదల్లేదు. టైరు ముక్కలతో కుట్టిన చెప్పులు — ఫిట్టరు యాదన్నవి.

గది మధ్యలో లోతైన గొయ్యి ఉంటుంది. అందులోకి రాగి గొట్టాన్ని నిలువుగా దించి పూత పూస్తారు. ఆ పనికి ఆర్గాన్ గ్యాసు కావాలి. దానికి రంగు లేదు, వాసన లేదు, గాలికంటే బరువు; అది నిండిన చోట ఊపిరాడదు. ఒక రాత్రి అది లీకై గొయ్యిలో నిండింది... దిగిన యాదన్న మళ్లీ ఎక్కలేదు. ఆయన చెప్పులు తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

అప్పట్నుంచి వాచ్‌మన్ పాండుది ఒకటే లెక్క. షిఫ్టు అయ్యాక గడప దగ్గర ఒక్క జత ఉంటే అది యాదన్నదే, లోపల ఎవరూ లేనట్టు. తాళం వేసి, బయటి వాల్వు తిప్పి, గొట్టాల్లో తేమ చేరకుండా రాత్రంతా ఆర్గాన్ వదిలేవాడు. రెండు జతలుంటే ఆగేవాడు.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి ఆపరేటరు చంద్రకళ ఇంటికి బయల్దేరి, గేటు దాకా వెళ్లి ఆగిపోయింది. గొయ్యిలో గ్యాసు గొట్టం నట్టు వదులు చేసింది తనే. బిగించడం మరిచింది! పరుగున వెనక్కి వచ్చి, చెప్పులు విడిచి, పానా పట్టుకుని నిచ్చెన దిగింది. రెండు నిమిషాల పనే కదా అనుకుంది.

నట్టు మీద పానా పెట్టిందో లేదో — టక్.

పైన తాళం పడింది. లైట్లు ఆరిపోయాయి.

"పాండన్నా! నేనున్న లోపల!"

పంపు రొదలో ఆ కేక ఆమెకే సరిగా వినపడలేదు. చీకట్లో పానా చేయి జారింది. ఆ వెంటనే చెవి పక్కనే, ఆ వదులు నట్టు దగ్గర... స్స్స్...

ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. ఇనుప తలుపును అరచేతులు వాచేలా బాదింది. బయట ఉలుకూ పలుకూ లేదు. నీళ్లయితే ఎక్కడిదాకా వచ్చాయో తెలిసేది. ఇది గొయ్యి నిండిందా? మోకాళ్ల దాకా వచ్చిందా? నడుము దాకానా? తడుముకుంటూ బల్ల ఎక్కి నిలబడింది. ముత్తంగిలో కిరాయి ఇంట్లో కూతురు స్నేహలత అన్నం ముందు పెట్టుకుని అమ్మ కోసం కూర్చుని ఉంటుంది. ఆ పిల్లకు తను తప్ప ఎవరూ లేరు. చంద్రకళకు ఏడుపు ముంచుకొచ్చింది, కానీ ఏడవడానికి ఊపిరి చాలలేదు. తల తిరిగింది... బల్ల మీదే ఒరిగిపోయింది...

తలుపు తెరుచుకుంది.

పాండు ఆమెను రెక్క పట్టి ఆరుబయటికి లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. గోలకు క్యాంటీన్‌లోంచి స్వీపరు అరుణమ్మ నీళ్ల చెంబుతో ఉరికొచ్చింది.

"నేనున్నట్టు... ఎట్ల తెలిసింది పాండన్నా?"

"తప్పయింది బిడ్డా." పాండు ఆమె పక్కనే కూలబడ్డాడు. "చీకట్ల ఒక్క జతనే కనవడ్డది. యాదన్నదే గదా అని తాళమేసిన, గ్యాసు ఇడిసిన. గేటు కాడికి పోతుంటే ఎనక టపటప నడిచినట్టు చప్పుడైంది. మల్లొచ్చి సూస్తే... రెండు జతలున్నయ్. జల్దీ వాల్వు బందు చేసి తలుపు తీసిన."

అరుణమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది.

"రెండు జతలెక్కడియి?" మెల్లగా అడిగింది. "కొత్త సారు యాదన్న చెప్పులు పారెయ్యమన్నడు. నా చేతులతోటే చెత్త బండిల ఏసిన... పొద్దుగాలనే పోయింది బండి."

ముగ్గురూ గడప వైపు తిరిగారు.

అక్కడ చంద్రకళ చెప్పులే ఉన్నాయి. ఒక్క జత.

ఇప్పుడు ఆ గదికి పాండు తాళం వేయడు. లోపలికి వెళ్లి, పేరు పేరునా పిలిచి చూశాకే చంద్రకళే వేస్తుంది. ఆ పిలుపుల్లో మొదటి పేరు యాదన్నది. పొద్దున వచ్చి చెప్పులు విడిచేటప్పుడు కూడా, పక్కన ఇంకో జతకు చోటు వదిలే విడుస్తుందట.