పన్నెండో పేరు

కినే గేయ్ గది తలుపు తీసే ఉంది. లోపల మనిషి లేదు.

మంచం మీద సెనెగల్ పాస్‌పోర్ట్ విసిరేసినట్టు పడి ఉంది. సొరుగులో ఉండాల్సిన ఫ్రాన్స్ పాస్‌పోర్ట్ మాయం. ఉదయం 6:10కి కోచ్ ఫోన్‌కి కినే నంబర్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది.

"క్షమించండి. నా వల్ల కాదు. ఫ్రాన్స్ వెళ్ళిపోతున్నా."

తొమ్మిదికల్లా ఈ వార్త డకార్ అంతా గుప్పుమంది. రాత్రి దాకా హోటల్ ముందు డప్పులు కొట్టినవాళ్ళే ఇప్పుడు గేటుకి కట్టిన ఆమె పోస్టర్ చింపుతున్నారు. ద్రోహి, ద్రోహి అని ఒకటే అరుపులు. ఎడారి గాలికి ఊరంతా దుమ్ము పట్టి, సూర్యుడు కూడా సరిగ్గా కనిపించడం లేదు.

ఇన్‌స్పెక్టర్ నఫీ సెక్ కిటికీ మూసింది.

"ఎయిర్‌పోర్ట్ వాళ్ళేమన్నారు?"

"ఆ పేరుతో ఎవరూ విమానం ఎక్కలేదు మేడమ్. రేవులో కూడా అడిగాం. అక్కడా లేదు," అన్నాడు కానిస్టేబుల్ మోర్.

"ఆరడుగుల పైన ఉన్న పిల్ల. వీధి చివర్నుంచే గుర్తుపడతారు. ఎవరి కంటా పడకుండా ఎలా పోతుందయ్యా?"

నఫీ ఆ మెసేజ్ మళ్ళీ చదివింది. వెళ్ళని మనిషి వెళ్ళిపోతున్నానని ఎందుకు రాస్తుంది? రాసింది ఆమె కాకపోతే? అప్పుడు ఆమె ఏమైనట్టు?

కినే పుట్టింది, పెరిగింది ఫ్రాన్స్‌లో. అమ్మానాన్నలది సెనెగల్. రెండు దేశాల పౌరసత్వమూ ఉంది. ఇరవై నాలుగేళ్ళకే అక్కడి బాస్కెట్‌బాల్ లీగ్‌లో పేరు మోసిన క్లబ్‌కి ఆడుతోంది. ఫ్రాన్స్ జట్టు రమ్మని పిలిచినా కాదని ఇక్కడికొచ్చింది. ఈ సాయంత్రం ఆరింటికి సెనెగల్ చొక్కాతో మొదటి మ్యాచ్. ఒక్కసారి కోర్టులో కాలు పెడితే, ఇక జన్మలో ఫ్రాన్స్‌కి ఆడే వీల్లేదు.

అందుకే ఈ మ్యాచ్ జరక్కూడదనుకునేవాడు ఒకడు కింద లాబీలోనే ఉన్నాడు. జూలియన్. ఆమె ఏజెంట్.

"పొద్దున ఎక్కడున్నారు?"

"పడుకున్నాను. పదింటికి గానీ లేవను."

"కినే ఇక్కడ ఆడటం మీకిష్టం లేదట?"

"లేదు. ఆమె మొహం మీదే చెప్పాను. నువ్వు పొరపాటు చేస్తున్నావన్నాను. పోయి నీ పని చూసుకో అంది." జూలియన్ లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఆమె బతికే ఉందా?"

నఫీకీ అదే భయం.

జట్టు మేనేజర్ సాంబా గేయ్ డైనింగ్ హాల్లో ఒంటరిగా కూర్చున్నాడు. కినేకి సొంత బాబాయ్. పిల్ల సెలవులకొచ్చినప్పుడల్లా ఇసకలో డ్రిబ్లింగ్ నేర్పింది ఆయనే. సెనెగల్‌కి ఆడమని నచ్చజెప్పిందీ ఆయనే. ఎదురుగా పెట్టిన మసాలా కాఫీ, కఫే తూబా, చల్లారిపోయింది.

గేయ్ ఇంటిపేరు వాళ్ళకీ సెక్ ఇంటిపేరు వాళ్ళకీ మధ్య వేళాకోళం తాతల నాటిది. చావింట్లో కూడా ఆగదు. మనసు కాస్త తేలికపడుతుందని నఫీ కదిపింది.

"ఏం గేయ్, మా ఇంటి పాలేరువి, నువ్వు కాఫీ వదిలేశావంటే నమ్మమంటావా? అన్నం గిన్నె ఎక్కడ దాచావ్?"

ఇంకో రోజైతే, సెక్‌లు నాకేసిన గిన్నెలో మాకేం మిగులుతుంది అని ఎదురు తగిలేవాడు. ఇప్పుడు తల కూడా ఎత్తలేదు.

"ఆమెని చివరిసారి చూసిందెవరు?"

"నేనే. పొద్దున ఐదున్నరకి. జడలు అల్లించుకుంటానంది. గంటలో వచ్చేస్తానంది. గేటు దాకా వెళ్ళి కారెక్కించాను."

"ఎవరి కారు?"

"టాక్సీ. తెల్లది. నంబర్ చూడలేదు."

"ఫోన్ తీసుకెళ్ళిందా?"

సాంబా నీళ్ళు నమిలాడు. "మ్యాచ్ ముందు రోజు ఫోన్లన్నీ నా సంచీలో పెట్టించుకుంటాం. సంచీ ఆఫీసు బల్ల మీద ఉంది. వచ్చి తీసుకుందేమో."

ఆయన మొహం నిద్ర లేక పీక్కుపోయింది. నఫీకి జాలేసింది. భుజం తట్టి లేచింది.

కోచ్ నూరియా స్పెయిన్ మనిషి. ఈ దేశం వచ్చి ఏడాది. కోపమూ ఏడుపూ కలిసి వస్తున్నాయామెకి.

"నేనూ చూశాను ఇన్‌స్పెక్టర్! బాల్కనీలోంచి. నవ్వుతూ చెయ్యూపింది. పారిపోయే పిల్ల అలా చెయ్యూపుతుందా?"

"కారు దగ్గర ఇంకెవరున్నారు?"

"సాంబా ఒక్కడే. చెయ్యి కలిపి పంపాడు. అది కూడా ఎడమ చెయ్యి! నేను వచ్చిన కొత్తలో ఎడమ చేత్తో కాయితం ఇస్తే, మర్యాద తెలీదా అని ఇదే సాంబా నన్ను అందరి ముందూ కడిగేశాడు. తనకైతే మర్యాదలుండవు కాబోలు."

నఫీ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఎడమ చెయ్యా? బాగా చూశారా?"

"చూశాను. కుడి చెయ్యి ఖాళీగానే ఉంది."

మధ్యాహ్నం పన్నెండింటికి నఫీ అందర్నీ డైనింగ్ హాల్లోకి పిలిచింది. నూరియా, జూలియన్, సాంబా వచ్చారు. సాంబా కూతురు సీగా కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. సీగా ఏడేళ్ళుగా జట్టులో ఉంది. లిస్టులో చోటు పన్నెండు మందికే. కినే వచ్చాక నూరియా తీసేసిన పేరు సీగాదే.

"సాంబా గారూ, కినే ఎక్కడికి వెళ్తున్నానంది?"

"చెప్పాను కదమ్మా. జడలు అల్లించుకోవడానికి."

"గంటలో వస్తానంది."

"అవును."

"మరి ఎడమ చెయ్యి ఎందుకిచ్చారు?"

సాంబా మొహంలో నెత్తురు చుక్క లేదు. జూలియన్ అయోమయంగా చూశాడు. నఫీ నూరియా వైపు తిరిగింది.

"కోచ్, మిమ్మల్ని ఆయన తిట్టడం న్యాయమే. మేం ఎడమ చెయ్యి ఎవరికీ ఇవ్వం. ఒక్కచోట తప్ప. మనవాళ్ళెవరైనా దూర ప్రయాణం వెళ్తుంటే ఎడమ చెయ్యే ఇస్తాం. తప్పని తెలిసే ఇస్తాం. ఆ తప్పు దిద్దుకోవడానికైనా మళ్ళీ కలవాలని. వీధి చివరికి జడలకెళ్ళే పిల్లకి ఎవరూ ఇవ్వరు. ఈయనకి తెలుసు, ఆమె గంటలో రాదని. నోరు అబద్ధమాడింది గానీ, చెయ్యికి అలవాటు పోలేదు."

"నాన్నా?" అంది సీగా.

సాంబా రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"పిల్లకి ఏ హానీ తలపెట్టలేదు, ఒట్టు! నాలుగు గంటల దూరంలో ఉన్న దారాలో నాయనమ్మ ఆఖరి ఘడియల్లో ఉందని చెప్పాను. చూసి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చన్నాను. ఊళ్ళో తెలిస్తే ఆట మానేస్తుందంటారు, ఎవరికీ చెప్పకన్నాను. రేపటి దాకా వెనక్కి తేవద్దని డ్రైవర్ లాయ్‌కి చెప్పాను. మెసేజ్ పెట్టింది నేనే. ఆ పాస్‌పోర్ట్ నా సంచీలోనే ఉంది." సీగా వైపు తిరిగాడు. "నువ్వు రోజూ గదిలో కూర్చుని ఏడుస్తుంటే ఎలా చూడనే తల్లీ?"

సీగా గోడ వైపు తిరిగిపోయింది.

నఫీ దారాకి ఫోన్ కలిపింది. స్పీకర్‌లో ముసలి గొంతు ఖంగుమంది.

"నాకేం రోగం! గుండ్రాయిలా ఉన్నా. పొద్దున పిల్ల ఎవరి ఫోన్‌లోంచో చేసింది, నాయనమ్మా, ఎలా ఉన్నావని. నాకేమే, నీ ఆట కోసం రేడియో పెట్టుకుని కూర్చున్నా అన్నా. అంతే. కెవ్వున అరిచింది. ఎవడో మగాడు తిడుతున్నాడు. ఫోన్ తెగిపోయింది. ఏమైందమ్మా నా మనవరాలికి?"

నఫీ వెంటనే దారా పోలీసులకి ఫోన్ చేసింది.

ఒంటిగంటకి దారా పోలీసుల నుంచి కబురొచ్చింది. రోడ్డు దిగువన, ఇసకలో, తెల్ల కారు కూరుకుపోయి ఉంది. తలుపులు బార్లా తీసున్నాయి. లోపల ఎవరూ లేరు. కొంచెం అవతల ఆడవాళ్ళ చెప్పు ఒకటి దొరికింది.

మోర్ సాంబాని రెక్క పట్టుకుని జీపెక్కించాడు.

రెండయింది. మూడయింది. నాలుగయింది. పోలీసులు తుమ్మచెట్ల మధ్య వెతుకుతూనే ఉన్నారు. స్టేషన్‌లో ఫోన్ మోగిన ప్రతిసారీ నఫీయే అందుకుంటోంది.

ఐదుంబావుకి స్టేడియంలో నూరియా ముందు లిస్టు పెట్టారు. పదకొండు పేర్లు రాసింది. పెన్ను ఆగింది. ఇక్కడ రాయని పేరు ఈ రోజు ఆడదు.

"రాని మనిషి పేరు రాస్తే ఒకరు తక్కువతో ఆడాలి," అంది నిస్సహాయంగా. "సీగా, చొక్కా వేసుకో."

సీగా కదల్లేదు.

"నా పేరు రాస్తే ఇక జన్మలో బంతి పట్టుకోను కోచ్. కినే అక్క పేరే రాయండి."

నూరియా అప్పుడే స్టేషన్ నుంచి వచ్చిన నఫీ వైపు తిరిగింది. "ఇన్‌స్పెక్టర్, ఆమె బతికుందని చెప్పగలరా?"

ఇంకా కబురు రాలేదంది నఫీ. నూరియా కళ్ళు తుడుచుకుని కినే గేయ్ అని రాసింది.

మూడో క్వార్టర్ నడుస్తోంది. సెనెగల్ తొమ్మిది పాయింట్లు వెనక. అప్పుడు వెనక గేటు దగ్గర గోల మొదలైంది. గొర్రెల లారీ ఒకటి హారన్ మోగించుకుంటూ జనాన్ని తోసుకొస్తోంది. పైన గొర్రెల మధ్య ఒక పొడుగు పిల్ల. ఒంటినిండా దుమ్ము. మోచెయ్యి చీరుకుపోయింది. ఒక కాలికే చెప్పుంది.

నఫీ పరుగెత్తింది.

"డ్రైవర్ బండి తిప్పనన్నాడు. స్టీరింగ్ పట్టి లాగేశాను," అంది కినే రొప్పుతూ. "వాడు పారిపోయాడు. చెట్లల్లో పడి నడిచాను. ఈ తాత లారీ ఆపాడు. ఆయన దగ్గరా ఫోన్ లేదు. బాబాయ్ ఎక్కడ? కంగారు పడుంటాడు. నాయనమ్మ గురించి ఎవరో ఆయనకి అబద్ధం చెప్పారు."

చెప్పాలి. ఇంకెవరు చెప్తారు? నఫీ చెప్పేసింది. దాచకుండా, మెసేజ్‌తో సహా.

కినే గోడ పట్టుకుంది. ఆటకి ముందు ఎవరూ ఏడవకూడదని ఆ బాబాయే నేర్పాడు. అయినా ఏడ్చింది.

సీగా కిట్ బ్యాగ్‌తో వచ్చింది. పోలీసులు సంచీలోంచి తీసిన ఫ్రాన్స్ పాస్‌పోర్ట్ కూడా ఆమె చేతిలోనే ఉంది. అది అక్కకి ముందుకు చాపింది.

"ఇదిగో అక్కా. నువ్వింకా గీత దాటలేదు. ఇప్పుడు వెళ్ళినా నిన్నెవరూ ఏమీ అనలేరు. నీ చోట నేనుంటే ఈపాటికి ఎయిర్‌పోర్ట్‌లో ఉండేదాన్ని."

కినే ఆ పాస్‌పోర్ట్ తీసుకోలేదు. బ్యాగ్ లాక్కుని బూట్లు బయటికి తీసింది. లేసులు బిగించి కట్టుకుంది.

"నేను వెళ్ళిపోతే, మీ నాన్న పంపిన మెసేజ్ నిజమైపోతుంది కదే."

లేచి, సెనెగల్ చొక్కా తొడుక్కుని, కోర్టులోకి నడిచింది.