అయస్కాంతం అంటని ఇంజన్

"మొక్కజొన్న కోతకొచ్చిందా?" ఇయర్‌పీస్‌లో చీఫ్ హాలరన్ గొంతు.

"వాన పడుతోంది బాస్."

డీకోడర్ ఉన్న పెట్టె ఇంకా దొరకలేదని దాని అర్థం.

"పదకొండుకి విమానం లేస్తుంది డాకరీ. ఆ డీకోడర్ అందులో వెళ్లిపోతే సాయంత్రానికల్లా ఐడాని పట్టుకుంటారు."

ఏజెంట్ మెర్ల్ డాకరీ వాచీ చూశాడు. పదీ నలభై. మళ్లీ చూశాడు. ఐడా అతని చెల్లెలు. శత్రుదేశపు రాజధానిలో పియానో టీచర్ వేషంలో ఉంటూ రహస్య సందేశాలు పంపుతోంది. దొంగిలించిన ఆ డీకోడర్‌తో వాటిని ఎవడైనా చదివేయగలడు.

ఆరు వారాలుగా అతను డేటన్‌లోని ముఠా గ్యారేజీలో మెకానిక్ వేషంలో ఉన్నాడు. వేషమన్నది పేరుకే. ఇంటింటా కార్లు విప్పి బిగించే ఒహాయో రాష్ట్రంలో పుట్టినవాడికి ఆ పని అన్నం తిన్నంత అలవాటు. ముఠావాళ్ల రెండు తలుపుల ఎర్ర కూపే కారులో ఉన్న చిన్న ఇంజన్ పీకేశాడు. తుక్కు యార్డులోని ట్రక్కు నుంచి ఆరు లీటర్ల ఇనుప ఇంజన్ తెచ్చి దించాడు. ఇంజన్ అడుగున నూనె నిలిచే ట్రక్ ఆయిల్ పాన్ మరీ కిందికి వేలాడుతుంటే పొట్టిది బిగించాడు. ఇంజన్‌ని పట్టి ఉంచే మౌంట్లు తనే వెల్డింగ్ చేసి, దానికి నల్లరంగు వేశాడు. అది మొదటిసారి గర్జించినప్పుడు తను గూఢచారినన్న సంగతే కాసేపు మరిచిపోయాడు.

ముఠా ఆ విమానంలోనే దేశం దాటించబోతున్న ఆ కారు ఇప్పుడు విమానాశ్రయం కార్గో గేటులో, బానెట్ ఎత్తి, తూకం మీద ఉంది.

కస్టమ్స్ ఆఫీసర్ పర్విస్ డోనట్ నములుతూ అన్నాడు. "పోయినవారం ఇచ్చిన పేపర్లలో ఎంతుందో తూకంలోనూ అంతే ఉంది. తొంభై పౌండ్ల పెట్టె ఇందులో ఉంటే ముల్లు చెప్పదూ?"

"నేను చెప్తూనే ఉన్నాగా!" కొలెట్ వార్గా నల్లకళ్లద్దాలు పైకి నెట్టింది. ముఠాని వదిలి మన వైపు వచ్చిన అందగత్తె. "పెట్టె అదిగో, అవతల ఆగిన ముఠా తెల్ల వ్యాన్లో ఉంది. ఇంకా నిలబడ్డావేంటి? పరిగెత్తు!"

"పద డాకరీ!" ఇయర్‌పీస్‌లో చీఫ్ అరిచాడు.

డాకరీ కాళ్లు కదల్లేదు. తన ఇంజన్‌ని చివరిసారి చూడకుండా ఎలా పోతాడు? వంగి చూశాడు. రంగు అదే. కానీ మూలల్లో బ్రష్ గీతలు. తను స్ప్రే కొట్టాడు.

ల్యాబ్ ఇచ్చిన లేజర్ పెన్నుని పక్కన పెట్టి, జేబులోంచి టమాటా బొమ్మ అయస్కాంతం తీశాడు. ఐడా ఇచ్చింది. ఇనుమో అల్యూమినియమో తేల్చుకోవడానికి, యార్డు వాళ్ల మాట నమ్మని ప్రతి మెకానిక్ దగ్గరా ఒకటుంటుంది.

ఇంజన్‌కి ఆనించాడు. అంటుకోలేదు, జారి పడింది. ఇంకోచోట ఆనించాడు. అక్కడా జారింది.

"నిన్న సాయంత్రం దాకా ఇది ఇనుము."

"మంచిదేగా," కొలెట్ నవ్వింది. "తేలికైన ఇంజన్."

"అవును, తొంభై పౌండ్లు తేలిక. మరి తూకం ఎందుకు తగ్గలేదు?"

పర్విస్ నమలడం ఆపేశాడు.

"ఇనుముకి వెండిరంగేసి అల్యూమినియమని కోతలు కోసేవాళ్లని బోలెడుమందిని చూశాను. అల్యూమినియం కొనుక్కుని ఇనుములా పూసి దాచుకునేవాడు మాత్రం ఈ రాష్ట్రంలో పుట్టలేదు తల్లీ!"

కొలెట్ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. డాకరీ ఆ మణికట్టు ఒడిసి పట్టాడు. బుల్లి పిస్టల్ నేల మీద పడింది. పర్విస్ డోనట్ వదిలేసి కారంతా వెతికి, చివరికి ముందువైపు బంపర్ ఊడబీకాడు. దాని వెనక, ఫ్రేముకి బిగించి, బూడిదరంగు పెట్టె!

పదీ యాభై ఎనిమిది. అవతల విమానం తలుపులు మూస్తున్నారు.

"కోతకొచ్చింది బాస్," అన్నాడు డాకరీ. చెల్లెలు బతికింది. కళ్లు తుడుచుకోవడానికి అతనేం సిగ్గుపడలేదు.

బేడీలు పడ్డ కొలెట్ దగ్గరికి వెళ్లాడు. "ఒక్కటే అడుగుతా. నిజం చెప్పు."

"చంపినా మా బాస్ పేరు చెప్పను."

"వాడి సంగతి మా చీఫ్ చూసుకుంటాడులే. నా ట్రక్ ఇంజన్ ఎక్కడ పడేశారు?"