తమ్ముడి కోసం ఆగిన ఫ్యాన్లు

గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని అమ్మడం మా పని. గుడ్ల అరలకి వెచ్చదనం, గాలి, గదిలో దీపాలు, అన్నీ కంప్యూటరే చూసుకుంటుంది. అది పెట్టింది మా తమ్ముడు. చేత్తో వేసుకునే స్విచ్చి ఒక్కటైనా ఉంచరా అని మొత్తుకున్నాను. వినలేదు. పైగా రోజూ ఫ్యాన్లు వేసే ముందు, "గాలికి అడ్డం అన్నయ్యా" అంటూ నా కుర్చీని నాతో సహా గోడవారకి ఈడ్చేవాడు. పెద్దవాణ్ణి, సామానులాగా. వాడు పోయి ఏడాదైంది. నా కోపం తగ్గలేదు. కుర్చీ మళ్ళీ గది మధ్యనే వేయించాను.

ఆ సాయంత్రం మా అక్క కొడుకు వచ్చాడు. కంప్యూటర్ వేయగానే ఒక్కో పనినీ వరసగా లేపే పాత సాఫ్ట్‌వేర్ తీసేసి, లినక్స్‌లో కొత్తది పెట్టాడు. మర్నాడే పిల్లలు బయటికి రావాలి. పెంకుల లోపల కిచకిచలు మొదలయ్యాయి.

కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. దీపాలు రాలేదు. ఫ్యాన్లు తిరగలేదు. చీకట్లో తెర ఒక్కటే... దాని మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ నడుస్తున్నాయి.

"ఏమైందిరా?"

"ఒకటి లేవలేదు మావయ్యా. మిగతావన్నీ దాని వెనకే ఆగాయి."

"ఏదది?"

వాడు గొంతు తగ్గించాడు. "చిన్న మావయ్య పేరుంది. నేను పెట్టలేదు."

"తీసిపారెయ్. బతికున్నప్పుడూ వాడికిదే పని, నా దారికి అడ్డం రావడం."

తీశాడు. మళ్ళీ అదే పేరు. పాత సాఫ్ట్‌వేర్ తిరిగి పెట్టాడు. అదీ ఆ పేరు దగ్గరే ఆగింది.

తలుపులు బార్లా తెరిచాం. బయట ఆకు కదలడం లేదు. గది ఉడికిపోతోంది. తడి ఈకల వాసన. కిచకిచలు పలచబడుతున్నాయి.

"ఎంతసేపు ఎదురుచూస్తుందిరా ఇది?"

"వచ్చేదాకా. గడువు లేదని రాసుంది."

నా కుర్చీలో కూలబడ్డాను. అరలన్నీ నిశ్శబ్దం. ఒక్క గుడ్డు మాత్రం... అదీ ఆగింది.

గుమ్మం దగ్గర ఎవరో చెప్పులు విడిచిన చప్పుడు.

మేమిద్దరం ఎప్పుడో విడిచాం.

చుక్కలు ఆగాయి. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు.

"లేచింది మావయ్యా..." గుసగుసగా అన్నాడు.

ఫ్యాన్లు తిరిగాయి. ఒక గుడ్డు కిచ్‌మంది. తర్వాత ఇంకోటి. దీపాలు వెలిగాయి. మేనల్లుడు నావైపు తిరిగాడు.

"మావయ్యా... నువ్వు అక్కడికెప్పుడు వెళ్ళావు?"

నేను కుర్చీలోంచి లేవనే లేదు. వీపుకి చల్లగా గోడ తగులుతోంది.